బెజవాడ ఎండల్లో బటర్ కేకు: నా అనుభవం

మాది విజయవాడ. ఇంట్లో ఒక మధ్యరకం ఓటీజీ, అంటే కరెంటు ఓవెన్, ఉంది. పుట్టినరోజులకీ, క్రిస్మస్‌కీ, ఏ కారణమూ లేకుండా పిల్లలు అడిగినప్పుడూ అందులో కేకులు చేస్తుంటాను. అన్నిటికన్నా ఎక్కువగా చేసేది సాదా బటర్ కేకు. పైన క్రీమ్ ఉండదు, మధ్యలో జామ్ ఉండదు. ఎక్కడ తేడా వచ్చినా కోసిన మొదటి ముక్కలోనే తెలిసిపోతుంది. అందుకే కేకు పని నేర్చుకోవాలనుకునేవాళ్ళకి ముందు ఇదే చెయ్యమంటాను. కేకు బాగా రావడానికి చిట్కాలు చెప్పమని బంధువులూ స్నేహితులూ అడుగుతుంటారు. నాకు తెలిసినవన్నీ ఈ ఒక్క కేకు దగ్గర తెలిసినవే, అందులోనూ ముప్పావు వంతు వేడికి సంబంధించినవే. వెన్న ఎంత వేడిగా ఉంది, గుడ్లు ఎంత చల్లగా ఉన్నాయి, ఓవెన్ లోపల నిజంగా ఎన్ని డిగ్రీలుంది. ఈ మూడూ పట్టించుకోవడం మొదలుపెట్టాక మా ఇంట్లో కేకు తీరే మారిపోయింది.

కొలతలు ముందే చెప్పేస్తాను. ఉప్పు లేని బటర్ 200 గ్రాములు, పంచదార 200, మైదా 200, పెంకు తీశాక 200 గ్రాములు తూగే గుడ్లు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూను, చిటికెడు ఉప్పు, వెనిల్లా ఎసెన్స్ ఒక టీస్పూను, పాలు రెండు మూడు టేబుల్ స్పూన్లు. 8 అంగుళాల గుండ్రటి టిన్ను, 170 డిగ్రీల సెల్సియస్, దాదాపు 45 నిమిషాలు. నాలుగూ సమానంగా వేసే ఈ లెక్క చాలా పాతది. ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దంలోనే ఒక్కో పౌండు చొప్పున నాలుగూ కలిపి పౌండ్ కేకు చేసేవాళ్ళు. అప్పటికి బేకింగ్ పౌడర్ లేదు. కేకు పొంగిందంటే వెన్నలోకీ గుడ్లలోకీ గిలకొట్టి ఎక్కించిన గాలి వల్లే. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద దీనితో చాలా పని ఉంది.

గ్రాముల్లో చెప్పడానికి కారణం ఉంది. కప్పు లెక్క మైదా దగ్గర అస్సలు నిలవదు. డబ్బాలో ముంచి తీస్తే కప్పుకి 150 గ్రాముల దాకా వస్తుంది. అదే పిండిని జల్లించి, స్పూనుతో వదులుగా నింపి, పైన కత్తితో చదును చేస్తే 120 గ్రాములే. రెండు కప్పుల కేకులో 60 గ్రాముల తేడా వస్తే ఆ కేకు గొంతు దిగదు. గుడ్ల సంగతీ అంతే. అమెరికా రెసిపీల్లో పెద్ద గుడ్డు అంటే పెంకు తీశాక 50 గ్రాములు. మన కొట్లో తెచ్చే గుడ్లు ఒకసారి అంత ఉంటాయి, ఒకసారి ఉండవు. పైగా ఎండాకాలంలో కోళ్ళు మేత తగ్గించేస్తాయి, గుడ్లు చిన్నవవుతాయి. నేను గుడ్లు కొట్టి గిన్నెలో వేసి తూస్తాను. నాలుగు వేసినా 200 రాకపోతే ఐదోది కొట్టి, చిలికి, కావలసినంత కలుపుతాను. కేకు కోసం ఏదైనా ఒక్క వస్తువు కొనాలంటే డిజిటల్ తూకం మిషన్ కొనమంటాను. రెండోది ఏమిటో ఓవెన్ దగ్గర చెప్తాను.

ఇప్పుడు వెన్న. ఇదే కేకు జనవరిలో గుల్లగా, ముట్టుకుంటే దూదిలా వచ్చేది. మే నెలలో అదే కొలతలతో, అదే టిన్నులో, అడుగున జిడ్డు పట్టిన పొరతో బరువుగా వచ్చేది. రెసిపీలో మార్చింది ఏమీ లేదు. మారింది వంటగది. దాదాపు ప్రతి రెసిపీలోనూ 'బటర్ రూమ్ టెంపరేచర్‌లో ఉండాలి' అని ఉంటుంది. ఆ మాట రాసినవాళ్ళ గది 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో మా వంటగది 35 దాటుతుంది. వెన్న గిలకొట్టడానికి పనికొచ్చేది 18 నుంచి 21 డిగ్రీల మధ్యే. 25 దాటితే జిడ్డుగా జారడం మొదలవుతుంది, 32 నుంచి 35 మధ్య పూర్తిగా కరిగిపోతుంది. అంటే బెజవాడ వేసవిలో గంటసేపు బయట పెట్టమన్న మాట పాటిస్తే గిన్నెలో మిగిలేది వెన్న కాదు, నూనె.

పంచదార పలుకులు గట్టి వెన్నలో రాసుకుంటూ తిరిగినప్పుడు ఒక్కో పలుకు వెనకా సన్నటి గాలి బుడగ చిక్కుకుంటుంది. బేకింగ్ పౌడర్ కొత్త బుడగలు పుట్టించలేదు. ముందే ఉన్న బుడగల్లోకి గ్యాస్ నింపి వాటిని పెద్దవి చేస్తుందంతే. కరిగిన వెన్న బుడగని పట్టి ఉంచలేదు. బుడగలే లేనప్పుడు బేకింగ్ పౌడర్ ఎంత వేసినా దేన్ని పొంగిస్తుంది?

అందుకని నేను వేసవిలో బటర్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే చిన్న ముక్కలుగా కోసి పది నిమిషాలే బయట ఉంచుతాను. డిసెంబరులో అయితే అరగంట పైనే పడుతుంది. గడియారం కన్నా వేలు నమ్మకం. వేలితో నొక్కితే గుంట పడాలి, ఆ గుంట అలాగే ఉండాలి, వేలికి మాత్రం మెరుపు అంటకూడదు. వేలు మెరిసిందంటే వెన్న అప్పటికే హద్దు దాటింది, మళ్ళీ ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. పూర్తిగా నీరుగారిపోయిన వెన్నని మళ్ళీ గడ్డకట్టించి గిలకొట్టాలని చూడకండి, పలుకులు పలుకులుగా అయిపోతుంది. దాన్ని నూనె బదులు వేరే కేకులో వాడుకోవచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో గిలకొట్టే పనంతా ఏసీ ఉన్న గదిలోకి మార్చేశాను. ఏసీ 24 మీద పెట్టి, చిన్న బల్ల మీద గిన్నె, గిన్నె కింద ఐసు ముక్కలు వేసిన నీళ్ళ పళ్ళెం. బీటర్ తిరిగే రాపిడికే వెన్న రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది, ఆ చల్లటి పళ్ళెం దాన్ని కాచుకుంటుంది. ఏసీ లేనివాళ్ళు తెల్లవారుజామునే ఈ పని ముగించుకుంటే సరిపోతుంది.

పంచదార గురించి ఒక మాట. మన కొట్లలో దొరికే పంచదార పలుకు పెద్దది, అలాగే వేస్తే ఎంతకీ కలవదు. మిక్సీలో మెత్తగా పొడి చేసి వేస్తే గాలి చిక్కడానికి పలుకే మిగలదు. మిక్సీని రెండు మూడు సార్లు ఇలా తిప్పి అలా ఆపేస్తే బొంబాయి రవ్వ కన్నా కాస్త సన్నగా ఉండే పలుకు వస్తుంది. అది సరిగ్గా సరిపోతుంది.

గిలకొట్టేటప్పుడు గిన్నెలోకే చూస్తూ ఉండండి. మొదటి నిమిషంలో వెన్న పసుపుపచ్చగా, తడి ఇసుకలా బీటర్‌కి ముద్దగా చుట్టుకుంటుంది. పంచదార గిన్నెకి రాసుకునే గరగర చప్పుడు వినిపిస్తుంది. రెండో నిమిషానికి ముద్ద విడిపోయి అంచులకి ఎగబాకుతుంది. అక్కడ ఆపి, గిన్నె అడుగూ అంచులూ గీకి మధ్యలోకి తెచ్చి మళ్ళీ తిప్పాలి. నాలుగో నిమిషం దాటాక రంగు మారుతుంది. పసుపు పోయి మీగడ తెలుపు వస్తుంది, గిన్నెలో పరిమాణం కళ్ళకి కనిపించేంత పెరుగుతుంది, గరగర తగ్గి మెత్తటి చప్పుడొస్తుంది. బీటర్ పైకెత్తితే మొనలు నిలబడాలి. హ్యాండ్ మిక్సర్‌తో మొత్తం ఐదారు నిమిషాలు. చేత్తో అయితే పావుగంట పైనే, చెయ్యి నొప్పెడుతుంది, అయినా వస్తుంది. కేకు మొత్తంలో నేను తొందరపడనిది ఈ ఐదు నిమిషాల దగ్గరే.

గుడ్లు ఒక్కొక్కటిగా వెయ్యాలి. నేను అన్నీ ముందే చిలికేసి కొంచెం కొంచెంగా పోస్తాను, అదీ ఒకటే. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లు నేరుగా పోస్తే వెన్న బిగుసుకుని మొత్తం పాలు విరిగినట్టు అవుతుంది. అలా అయితే కంగారు పడక్కర్లేదు, కొలిచి పెట్టుకున్న మైదాలోంచి ఒక స్పూను వేసి తిప్పితే చాలావరకు కలుస్తుంది. కాకపోతే ఎక్కించిన గాలిలో కొంత పోతుంది. చలికాలంలో గుడ్లని పెంకుతోనే గోరువెచ్చటి నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచుతాను. వేసవిలో దీనికి రివర్స్. రోజంతా బయట ఉన్న గుడ్డు 35 డిగ్రీలుంటుంది, అంత జాగ్రత్తగా చల్లగా ఉంచిన వెన్నని అది కరిగించేస్తుంది. కాబట్టి వేసవిలో గుడ్లు ఫ్రిజ్‌లోనే ఉంచి వెన్న తీసినప్పుడే వాటినీ బయటికి తీస్తాను. ముట్టుకుంటే చల్లదనం కాస్త విరిగి ఉంటే చాలు.

మైదా వేసే ముందే ఓవెన్ వేడెక్కి ఉండాలి. మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లిస్తాను. విదేశాల్లో కేకు కోసమని ప్రత్యేకంగా అమ్మే పిండిలో ప్రోటీన్ తక్కువ, మన మైదాలో కాస్త ఎక్కువ. తడి తగిలి తిప్పేకొద్దీ ఆ ప్రోటీన్ సాగుతుంది, పరోటాకి కావలసింది అదే, కేకుకి అదే శత్రువు. 200 గ్రాముల్లో ఒక 25 గ్రాములు తీసేసి దాని బదులు తెల్లటి కార్న్‌ఫ్లోర్ వేస్తే కేకు ఇంకా సుతారంగా వస్తుంది. కస్టర్డ్ పౌడర్ వేసినా పర్వాలేదు, అదీ రంగూ వాసనా కలిపిన కార్న్‌ఫ్లోరే. మైదా పడ్డాక బీటర్ పక్కన పెట్టేయాలి. గరిటెతో అడుగునుంచి పైకి మడుస్తూ, మధ్యలో పాలు పోస్తూ, మూడు విడతల్లో కలుపుతాను. పొడి పిండి కనిపించడం ఆగిపోగానే చెయ్యి ఆపేయాలి. నునుపు రాలేదని ఇంకా తిప్పితే, కోసిన ముక్కలో కింద నుంచి పైకి సొరంగాల్లాంటి పొడుగాటి రంధ్రాలు కనపడతాయి, నమిలితే సాగుతుంది.

ఇక ఓవెన్. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, చాలా ఏళ్ళు బేకరీలో పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు. అందరూ మాస్టారు అంటారు. నా కేకు మధ్యలో గోపురంలా లేచి పగులుతోందని ఒకసారి ఆయన్ని అడిగాను. ఆయన రెసిపీ అడగలేదు.

"ఓవెన్ ఎంత మీద పెట్టారమ్మా?" అన్నారు.

"170 పెట్టానండీ."

"పెట్టింది సరే. లోపల ఎంతుంది?"

దోసె వేసేముందు పెనం మీద నీళ్ళు చిలకరించి ఆ చుర్రుమనే చప్పుడుతో వేడి తెలుసుకుంటాం కదా, ఓవెన్‌కి అలాంటి పరీక్ష ఏదీ చెయ్యకుండా డయల్ మీద అంకెనే నమ్ముతాం. మాస్టారి మాట విన్నాక ఓవెన్ లోపల కడ్డీల మీద నిలబెట్టే చిన్న థర్మామీటర్ తెప్పించాను. కొన్ని వందల రూపాయల వస్తువు. తూకం మిషన్ తర్వాత కొనాల్సిన రెండో వస్తువు అన్నది దీన్నే. డయల్ 170 మీద ఉంటే ముల్లు 195 చూపించింది. అంటే నా కేకులన్నీ 25 డిగ్రీలు ఎక్కువ వేడిలో కాలుతున్నాయి. ఇప్పుడు నేను డయల్‌ని 150 కంటే కిందే ఉంచుతాను, ముల్లు 170 చూపించే చోట మార్కర్‌తో చిన్న గీత గీసి పెట్టుకున్నాను. మీ ఓవెన్‌లో ముల్లు తక్కువ కూడా చూపించవచ్చు. ఇంట్లో వాడే ఓటీజీల్లో 20, 30 డిగ్రీల తేడా మామూలే.

వేడి ఎక్కువైతే ఏమవుతుందో చెప్తే పగుళ్ళ సంగతి అర్థమవుతుంది. టిన్ను అంచుల దగ్గరా పైనా పిండి ముందే గట్టిపడిపోతుంది, మధ్యలో ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ మధ్యభాగం పొంగే వేళకి పక్కలకి వెళ్ళే దారి ఉండదు, పైకే తోసుకొస్తుంది, గట్టిపడిన పై పొరని చీల్చుకుంటుంది. తక్కువైతే దీనికి రివర్స్. పిండి గట్టిపడేలోపే వెన్న కరిగి, బుడగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, కేకు పొంగకుండా ఎండిపోతుంది. 160, 170 మధ్య అంచులూ మధ్యా దాదాపు ఒకేసారి నడుస్తాయి. కేకు మీద క్రీమ్ రాయాల్సి ఉండి పైభాగం బల్లపరుపుగా కావాలంటే నేను ఇంకో పని చేస్తాను. పాత నూలు బట్టని పొడుగాటి పట్టీలా చింపి, తడిపి, గట్టిగా పిండి, టిన్ను చుట్టూ కట్టి పిన్నీసు పెడతాను. తడి ఉన్నంతసేపు అంచుల వేడి 100 డిగ్రీలు దాటదు, అంచులు ఆలస్యంగా గట్టిపడతాయి, కేకు సమంగా లేస్తుంది. బట్ట కొస ఓవెన్‌లో వేడెక్కే రాడ్లకి తగలకుండా మాత్రం చూసుకోవాలి.

ప్రీహీట్ లైటు ఆరిపోగానే టిన్ను లోపల పెట్టేయకండి. ఆ లైటు ఆరిందంటే గాలి వేడెక్కిందని మాత్రమే, గోడలు ఇంకా వేడెక్కలేదు. తలుపు తీయగానే ఆ గాలంతా బయటికి పోతుంది. లైటు ఆరాక ఇంకో పది నిమిషాలు ఆగితే గోడలు వేడి పట్టుకుంటాయి, తలుపు తీసినా పడిపోయిన వేడి త్వరగా తేరుకుంటుంది.

ఓవెన్ లోపల అన్ని మూలలా వేడి ఒక్కటిగా ఉండదు. దీనికి మాస్టారు ఒక పరీక్ష చెప్పారు, నాకు చాలా నచ్చింది. ట్రే నిండా బ్రెడ్డు ముక్కలు పక్కపక్కనే పరిచి 170లో కాసేపు ఉంచి తీసి చూడాలి. మా ఓవెన్‌లో వెనక ఎడమ మూల ముక్క ముదురు గోధుమరంగుకి వచ్చింది, తలుపు పక్క ముక్కలు తెల్లగానే ఉన్నాయి. ఆ ట్రే నాకు ఓవెన్ మ్యాపులా పనికొచ్చింది. ఇప్పుడు కేకు ముప్పావు వంతు కాలాక, పైన గట్టిపడిందని అద్దంలోంచి చూసి నిర్ధారించుకున్నాక, టిన్నుని ఒక్కసారి అటుది ఇటు తిప్పుతాను. అంతకు ముందు తలుపు తెరిచేది లేదు. లోపలి బుడగల చుట్టూ గోడలు గట్టిపడకముందే చల్లగాలి తగిలితే కేకు కూర్చుండిపోతుంది.

ఏ రాడ్డు వెయ్యాలని అందరూ అడుగుతారు. మా చిన్న ఓవెన్‌లో కింది రాడ్డు ఒక్కటే వేస్తే అడుగు మాడుతుంది, పైన పాలిపోయి ఉంటుంది. నేను రెండూ వేసి, టిన్ను మధ్య అరకి ఒక మెట్టు కింద పెట్టి, అరగంట దాటి పైన రంగు వచ్చాక అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పుతాను. ఫ్యాన్ ఉన్న ఓవెన్‌లో ఫ్యాన్ వేస్తే 20 డిగ్రీలు తగ్గించాలి. రెసిపీలో 350 అని ఉంటే అది ఫారెన్‌హీట్, మనకి 177, ఇంచుమించు 180 అన్నమాట.

టిన్ను సైజు చూసుకోండి. 7 అంగుళాలకీ 8 అంగుళాలకీ తేడా ఒక్క అంగుళమేగా అనిపిస్తుంది, కానీ 8 అంగుళాల టిన్నులో దాదాపు మూడో వంతు ఎక్కువ పిండి పడుతుంది. నేను చెప్పిన కొలతని 7 అంగుళాల టిన్నులో పోస్తే మందం పెరిగి మధ్యలో ఉడకదు. మూడింట రెండు వంతులు మించి ఏ టిన్నునీ నింపకూడదు. నల్లటి టిన్నులో అంచులు త్వరగా ముదురుతాయి, మామూలు అల్యూమినియం టిన్ను నాకు నమ్మకం. అడుగున బటర్ పేపర్ వెయ్యడం ఏనాడూ మానలేదు.

ఉడికిందో లేదో చూడడానికి గడియారాన్ని నమ్మను. 40 నిమిషాల దగ్గర మొదలుపెట్టి చూస్తాను. కేకు అంచులు టిన్నునుంచి కాస్త విడివడాలి. మధ్యలో వేలితో మెల్లగా నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి రావాలి. సన్నటి పుల్ల గుచ్చితే పచ్చి పిండి అంటకూడదు, తడి పొడి రెండు మూడు రవ్వలు అంటుకుంటే మంచిదే. పుల్ల మరీ పొడిగా వచ్చేదాకా ఆగితే కేకు మర్నాటికి ఎండిపోతుంది. గుచ్చే థర్మామీటర్ ఉన్నవాళ్ళు మధ్యలో 95 నుంచి 98 డిగ్రీలుందేమో చూసుకోవచ్చు. కేకు కాలుతుండగా కరెంటు పోతే తలుపు తెరవకుండా అలాగే వదిలేస్తాను. వేడెక్కిన గోడలు పది నిమిషాలు లాక్కొస్తాయి, కరెంటు వచ్చాక అంత సమయం కలుపుకుంటాను. సగం కాలాక పోయిన కరెంటుతో ఫరవాలేదు, పెట్టిన కాసేపటికే పోతే కష్టం. అందుకే కోత ఉండే వేళలు తెలుసుకుని మొదలుపెడతాను.

బయటికి తీశాక పది నిమిషాలు టిన్నులోనే ఉంచి, తర్వాత కడ్డీల జాలీ మీద బోర్లించాలి. వెంటనే తీస్తే విరుగుతుంది, గంటసేపు వదిలేస్తే ఆవిరి పోయే దారిలేక అడుగంతా చెమ్మగిల్లుతుంది.

బేకింగ్ పౌడర్ గురించి అపోహలు చాలా ఉన్నాయి. పొంగలేదంటే ఇంకో అర స్పూను వెయ్యమంటారు. ఎక్కువైతే బుడగలు మరీ పెద్దవై పగిలిపోతాయి, కేకు లేచినట్టే లేచి మధ్యలో గుంటపడుతుంది, నాలిక మీద సబ్బు రుచి ఒకటి. వంటసోడాకీ దీనికీ తేడా తెలుసుకోవాలి. సోడాకి పెరుగో నిమ్మరసమో వెనిగరో, ఏదో ఒక పులుపు తగలాలి. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పొడి రూపంలో ఆ పులుపు కూడా ముందే ఉంటుంది. సోడా బలం బేకింగ్ పౌడర్‌కి మూడు నాలుగింతలు, కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి అదే కొలతలో వెయ్యకూడదు. కోస్తా తేమకి మూత సరిగ్గా లేని డబ్బాలో బేకింగ్ పౌడర్ త్వరగా నీరసపడిపోతుంది. స్పూనుడు పొడి మీద వేడినీళ్ళు పోస్తే బుసబుస పొంగాలి. సోడాకైతే వెనిగర్ చుక్కలు. డబ్బా మీద తెరిచిన తేదీ రాసి పెట్టుకోవడం మంచి అలవాటు.

మా అత్తగారు శనివారం గుడ్డు ముట్టరు, కార్తీకమాసం నెలంతా ముట్టరు. ఆవిడ కోసం పెరుగు కేకు చేస్తాను, నిజానికి వేసవిలో మా ఇంట్లో ఎక్కువ నడిచేదీ ఇదే. నూనెతో చేసేది కాబట్టి వెన్న కరిగే బెంగ లేదు. ఒక కప్పు గట్టి పెరుగులో ముప్పావు కప్పు పంచదార కరిగేదాకా కలిపి, అందులో అర టీస్పూను వంటసోడా, ఒకటింబావు టీస్పూను బేకింగ్ పౌడర్ వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే బుడగలొచ్చి పైకి పొంగుతుంది. అర కప్పు వాసన లేని నూనె, వెనిల్లా, ఒకటిన్నర కప్పు జల్లించిన మైదా. కలిపిన వెంటనే ఓవెన్‌లోకి వెళ్ళిపోవాలి, ఆలస్యమైతే పుట్టిన గ్యాసంతా గాలికి పోతుంది. కప్పు లెక్కని ఇంతగా విమర్శించిన నేను దీనికి కప్పులే చెప్తున్నాను, ఎందుకంటే ఇది కాస్త అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. మరీ పుల్లటి పెరుగైతే ఒక స్పూను పంచదార పెంచుతాను.

"ఇదేనమ్మా నాకు మెత్తగా ఉంది, ఆ బటర్ కేకు పళ్ళకి పట్టేస్తుంది" అంటారు అత్తగారు. ఫ్రిజ్‌లోంచి తీసిన రోజున ఆవిడ మాట నిజమే. నూనె చల్లబడినా గట్టిపడదు, వెన్న గట్టిపడుతుంది.

ఓవెన్ లేనివాళ్ళు కుక్కర్లో చేసుకోవచ్చు, నేను ఓటీజీ కొనకముందు చేసింది అందులోనే. మూతకున్న రబ్బరూ పైన వెయిటూ తీసెయ్యాలి. నీళ్ళు పొయ్యకూడదు. అడుగున రెండు కప్పుల కల్లుప్పు పరిచి, దాని మీద స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడెక్కాక టిన్ను దించి మంట సిమ్‌లోకి తేవాలి. పైన రంగు రాదు, అంతకుమించి లోటు లేదు. పెరుగు కేకు అందులో చక్కగా వస్తుంది. ఖాళీ కుక్కర్ని అంతసేపు వేడి చెయ్యడం దానికి మంచిది కాదు కాబట్టి పాతదాన్ని ఇందుకు కేటాయించుకోండి.

టూటీ ఫ్రూటీ, జీడిపప్పు పలుకులు అడుగుకి దిగిపోతున్నాయంటే పిండి పలచగా ఉందని అర్థం. మైదా అద్దితే కొంత ఆగుతాయి, సన్నగా తరిగితే ఇంకా ఆగుతాయి. టిన్నులో మూడో వంతు పిండి ఉత్తదే పోసి, మిగిలినదాంట్లో పలుకులు కలిపి పైన పొయ్యడం అన్నిటికన్నా పక్కా పద్ధతి.

నిలవ విషయానికొస్తే, బటర్ కేకు చేసిన రోజు కన్నా మర్నాడు రుచి, ముక్క కూడా పొడి రాలకుండా తెగుతుంది. పూర్తిగా చల్లారాకే గాలి చొరని డబ్బాలో పెట్టాలి. చలికాలంలో మూడు రోజులు బయటే ఉంటుంది. వేసవిలో మా ఊళ్ళో ఒక రోజుకి మించి నమ్మను. ఫ్రిజ్‌లో పెడితే పాడవదు కానీ త్వరగా బిరుసెక్కుతుంది, తినే ముందు అరగంట బయట ఉంచాలి. ఎక్కువ రోజులు కావాలంటే ఫ్రిజ్ కన్నా ఫ్రీజరే మేలు. పిల్లల స్కూలు డబ్బాలకి నేను ముక్కలుగా కోసి, విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెడతాను. పొద్దున్న తీసి డబ్బాలో పెడితే ఇంటర్వెల్ టైముకి మెత్తబడి ఉంటాయి.